ఇంటి నుంచి జర్నల్స్ తెరవాలంటే: వీపీఎన్నా, ప్రాక్సీయా, ఇన్‌ఫెడ్డా?

కొల్లేటి కొంగ

నమస్కారమండీ. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ప్రైవేటు అటానమస్ ఇంజనీరింగ్ కాలేజీ, నేను లైబ్రేరియన్‌ని. ఐఈఈఈ, ఏఎస్ఎంఈ జర్నల్స్, ఒక ఈ-బుక్స్ ప్యాకేజీ, డెల్‌నెట్ ఉన్నాయి మాకు. డెల్‌నెట్‌కి యూజర్ ఐడీ ఉంటుంది కాబట్టి ఎక్కడున్నా తెరుచుకుంటుంది. మిగతావన్నీ కాలేజీ ఐపీ అడ్రసు (నెట్‌లో మా లైనుకి ఉండే నంబరు) చూసి లోపలికి రానిచ్చేవే. క్యాంపస్ వైఫైలో పీడీఎఫ్ వస్తుంది, గేటు దాటి బస్సెక్కితే అదే లింకు డబ్బులు కట్టమంటుంది.

ఫైనలియర్ పిల్లలు చాలామంది ఇంటర్న్‌షిప్పులకి హైదరాబాద్, బెంగళూరు పోయారు. ప్రాజెక్టు రిపోర్టు రాసుకునే సమయానికి లైబ్రరీ వాళ్ళకి అందదు. పీహెచ్‌డీ చేస్తున్న మా లెక్చరర్లు చదివేది కూడా రాత్రిళ్ళు ఇంటి దగ్గరే. ఇప్పటిదాకా ఎవరికి పేపర్ కావాలన్నా నాకు వాట్సాప్ చేస్తారు, నేను దించి పంపుతుంటాను. ఇప్పుడు కాలేజీలకి గ్రేడు ఇచ్చే న్యాక్ వస్తోంది. వాళ్ళ ఫారంలో ఈ-జర్నల్స్, ఈ-బుక్స్, డేటాబేసులతో పాటు రిమోట్ యాక్సెస్ కూడా ఒక గడి. ఆ గడి కంటబడ్డాక మా ప్రిన్సిపాల్ గారికి రిమోట్ యాక్సెస్ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

సిస్టమ్స్ వాళ్ళు వీపీఎన్ (ఇంట్లో ఉన్న ఫోన్‌నీ ల్యాప్‌టాప్‌నీ కాలేజీ నెట్‌వర్క్‌లో కలిపే టన్నెల్ లాంటి దారి) చాలంటున్నారు. ఒక వెండర్ వచ్చి యాప్ చూపించి పోయాడు. యూనివర్సిటీలో పనిచేసే స్నేహితురాలు ఇన్‌ఫెడ్‌లో చేరమంటోంది. బడ్జెట్ అంతంత మాత్రం. నడిపి చూసినవాళ్ళు చెప్పండి, బ్రోషర్‌లో మాటలు మాకూ ఉన్నాయి.

సర్వర్‌రూమ్

మేడమ్, అన్నిటికంటే ముందు మీ నెట్ లైను సంగతి చెప్పండి. స్టాటిక్ పబ్లిక్ ఐపీ, అంటే మారకుండా ఉండే అడ్రసు, మీ పేరు మీదే ఉందా? ఎందుకంటే చాలా కాలేజీల్లో మెయిన్ లైను ఒకటి, బ్యాకప్‌కి ఊళ్ళో కేబుల్ ఆపరేటర్ లైను ఒకటి ఉంటాయి. ఆ ఆపరేటర్ ఇచ్చేది సీజీనాట్ వెనకాల ఉండే అడ్రసు. అదే అడ్రసు మీద ఊళ్ళో మిగతా ఇళ్ళు కూడా బయటికి వెళ్తుంటాయి. దాన్ని ఏ పబ్లిషరూ రిజిస్టర్ చేయడు, చేయకూడదు కూడా. మెయిన్ లైను పడిపోయిన రోజు క్యాంపస్ లోపల కూర్చున్నా జర్నల్ తెరుచుకోకపోవడానికి కారణం ఇదే. ప్రొవైడర్‌ని మార్చినప్పుడు ప్రతి పబ్లిషర్‌కీ కొత్త రేంజి మెయిల్ చేయాలి. కొత్త తరహా అడ్రసు ఐపీవీ6 ఆన్ చేసి ఉంటే అది కూడా ఇవ్వాలి. పబ్లిషర్ దగ్గర పాత ఐపీవీ4 ఒక్కటే ఉండి మీ ల్యాప్‌టాప్ ఐపీవీ6లో పోతే, మీరెవరో వాడికి తెలియదు.

ఇక వీపీఎన్. నేను నడుపుతున్నాను. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ ఉచితం, 2020 నుంచి లినక్స్ కెర్నల్‌లోనే వస్తోంది, పెట్టడం తేలిక. ఫ్యాకల్టీ వరకైతే బ్రహ్మాండం. పిల్లలందరికీ ఇస్తానంటే మాత్రం వద్దంటాను. ఒక్కొక్కరి ఫోన్లో యాప్ పెట్టించాలి, కీ ఇవ్వాలి, పోయినవాళ్ళ కీలు తీసేయాలి. అంతా టన్నెల్లో పంపిస్తే వాడు ఇంట్లో చూసే క్రికెట్టు కూడా మీ కాలేజీ లైను మీదుగానే పోతుంది. పబ్లిషర్ల సైట్లు మాత్రమే టన్నెల్లో పంపిద్దాం అంటే, వాళ్ళలో చాలామంది క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సీడీఎన్‌ల (సైటుని రకరకాల సర్వర్ల నుంచి అందించేవాళ్ళ) వెనక ఉన్నారు, అడ్రసులు మారుతూనే ఉంటాయి. పైగా వీపీఎన్ ఇస్తే వాడు మీ లోపలి నెట్‌వర్క్‌లోకి వస్తున్నట్టే. జర్నల్ చదవడానికి వచ్చినవాడికి ఎగ్జామ్ సెల్ సర్వర్ దారి కనిపించకుండా ఫైర్‌వాల్ రూల్స్ రాయాలి. రాసేవాళ్ళున్నారా?

ఓరుగల్లు లైబ్రరీ

నేను స్టేట్ యూనివర్సిటీ లైబ్రరీల పనిచేస్త. మేడమ్‌కు స్నేహితురాలు చెప్పిన ఇన్‌ఫెడ్ ముచ్చట విప్పి చెప్త.

యూనివర్సిటీ లైబ్రరీల కొరకు పనిచేసే గాంధీనగర్ ఇన్‌ఫ్లిబ్‌నెట్ సెంటర్ నడిపే లాగిన్ ఫెడరేషన్ అది. దాంట్ల ఐపీతోని పని లేదు. పిల్లగాడు పబ్లిషర్ సైటుకు పోయి ఇన్‌స్టిట్యూషన్ లాగిన్ నొక్కి మన కాలేజీ పేరు వెతుక్కుంటడు. సైటు వాణ్ణి మన లాగిన్ పేజీకి పంపిస్తది. పాస్‌వర్డ్ మన దగ్గరనే కొడతడు. సరిగ్గ ఉంటే 'ఈయన మా మనిషే' అన్న కబురు పబ్లిషర్‌కు పోతది, అంతే. పెండ్లికి పోతే గుమ్మం కాడ మనోళ్ళు ఒకరు 'మా తరఫు వాళ్ళే' అంటె లోపలికి పంపిస్తరు గద, ఆధార్ కార్డు ఎవ్వరడగరు. గట్లనే. పాస్‌వర్డ్ పబ్లిషర్‌కు పోదు, కావాలంటె పేరు గూడ పోకుంట చేయొచ్చు, స్టూడెంటా స్టాఫా అన్నది మాత్రమే పోతది. దీని వెనక నడిచేది షిబ్బొలెత్ అనే సాఫ్ట్‌వేర్, శామ్ల్ 2.0 అనే పద్ధతి. లాగిన్ సర్వర్ సొంతంగ పెట్టుకోలేని కాలేజీలకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ళే తమ దగ్గర పెట్టి ఇస్తరు, మనం యూజర్ల లిస్టు ఎక్కిస్తె చాలు.

మాకు వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (కేంద్రమే జర్నల్స్ కొని ఇచ్చే పథకం) వచ్చినంక బయటి నుంచి చూసుడు ఇన్‌ఫెడ్ మీదనే నడుస్తున్నది.

కొల్లేటి కొంగ

ఓరుగల్లు గారూ, సరిగ్గా ఆ వన్ నేషన్ గురించే మా మేనేజ్‌మెంట్‌తో గొడవ. 'దేశమంతటికీ కలిపి కేంద్రమే కొనేసింది కదమ్మా, ఇంకా రెన్యువల్ ఎందుకు' అంటున్నారు.

ఓరుగల్లు లైబ్రరీ

కొనలేదు మేడమ్, మీ కొరకైతె కొనలేదు. 2024 నవంబర్ 25 నాడు కేబినెట్ ఒప్పుకున్నది చదవండి. 2025, 2026, 2027 మూడేండ్లకు 6,000 కోట్లు. 30 మంది పబ్లిషర్లు, 13,000 దగ్గర దగ్గర జర్నల్స్, 6,300కు పైగ సంస్థలు. కాని ఆ సంస్థలన్ని సర్కారు కాలేజీలు, యూనివర్సిటీలు, కేంద్ర పరిశోధన సంస్థలు. ప్రైవేటు కాలేజీలు ఈ విడతల లేవు. ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ళ ఈ-జర్నల్స్ పథకం ఎన్-లిస్ట్ గూడ మీకు రాదు, అది డిగ్రీ కాలేజీల కొరకు పెట్టింది. ఇంజనీరింగ్, మెడికల్, ఫార్మసీ, మేనేజ్‌మెంట్, అగ్రికల్చర్ కాలేజీలను దాంట్లకు తీసుకోరు. ఆ పత్రికా ప్రకటన ప్రింటు తీసి మీ సెక్రటరీ టేబుల్ మీద పెట్టుండ్రి.

రాత్రి చదువు

మీరంతా సర్వర్ వైపు నుంచి మాట్లాడుతున్నారు, వాడుకునేవాణ్ణి నేను చెప్తాను వినండి. జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని, పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ. పిల్లలు పడుకున్నాక పదిన్నరకి మొదలుపెడతాను. మా యూనివర్సిటీలో రిమోట్ యాక్సెస్ ఉంది. ఉందని నాకు తెలిసింది థీసిస్ రెండో అధ్యాయంలో! లైబ్రరీ వెబ్‌సైట్‌లో 'సేవలు' కింద 'ఈ-వనరులు', దాని కింద ఒక పీడీఎఫ్, ఆ పీడీఎఫ్ మూడో పేజీలో లింకు. ఆ లింకు నొక్కడానికి కూడా రాదు, చూసి టైపు చేసుకోవాలి.

ఇంకో సంగతి. మేమెవరం లైబ్రరీ పోర్టల్ నుంచి బయల్దేరం. గూగుల్‌లో వెతుకుతాం, గైడ్ వాట్సాప్‌లో పంపిన లింకు నొక్కుతాం. అక్కడ డబ్బు కట్టమనే గోడ అడ్డొస్తుంది. ఆ గోడ దగ్గర నుంచి మీ లాగిన్ పేజీకి దారి ఉండాలి. పోర్టల్‌కి వెళ్ళి, లాగిన్ అయి, అదే వ్యాసాన్ని మళ్ళీ మొదట్నుంచి వెతుక్కోమంటే రాత్రి పదకొండింటికి ఎవరికి ఓపిక? అందుకే జనం దొంగ సైట్లకి పోతారు. డబ్బు కట్టి తెచ్చిన జర్నల్‌ని కూడా అక్కడే దించుకుంటారు, అది దగ్గర దారి కాబట్టి.

డాలస్ డెస్క్

రాత్రి చదువు గారు చెప్పింది మాకిక్కడ రోజూ వినిపించే ఫిర్యాదే. నేను అమెరికాలో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో ఎలక్ట్రానిక్ రిసోర్సెస్ చూస్తాను. ప్రాక్సీ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఏమనుకోకండి.

మా దగ్గర ఉన్నది ఈజీప్రాక్సీ. 1999లో అరిజోనాలో ఒక కమ్యూనిటీ కాలేజీ లైబ్రేరియన్ క్రిస్ జాగర్ రాసిన ప్రోగ్రాం, 2008లో ఓసీఎల్‌సీ అనే లైబ్రరీల సహకార సంస్థ కొనుక్కుంది. పనిచేసే తీరు తేలిక. జర్నల్ లింకు ముందు మన ప్రాక్సీ అడ్రసు తగిలిస్తాం. నొక్కినవాడికి మన లాగిన్ పేజీ వస్తుంది. అక్కడి నుంచి ఆ పేజీని మన సర్వరే తెచ్చి ఇస్తుంది, పబ్లిషర్‌కి కనిపించేది మన క్యాంపస్ ఐపీ. పేజీలో ఉన్న ప్రతి లింకునీ దారిలో తిరగరాస్తుంది కాబట్టి తర్వాత నొక్కేవన్నీ కూడా ప్రాక్సీ మీదుగానే పోతాయి. ఫోన్లో ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. వీపీఎన్ లాగా వాడి మొత్తం ట్రాఫిక్ మన మీద పడదు.

గోడ దగ్గర చిక్కుకున్నవాడికి మేమిచ్చేది ఒక బుక్‌మార్క్. అందులో ఒక చిన్న జావాస్క్రిప్ట్ వరస ఉంటుంది. వ్యాసం పేజీలో ఉండగా ఆ బుక్‌మార్క్ నొక్కితే అదే అడ్రసుకి ముందు ప్రాక్సీ తగిలించి మళ్ళీ తెరుస్తుంది. లాగిన్ అవగానే అదే వ్యాసం. ఖర్చు సున్నా. లీన్ లైబ్రరీ, లిబ్‌కీ నోమాడ్ లాంటి బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు ఇదే పని ఇంకా నాజూగ్గా చేస్తాయి కానీ డబ్బులు కట్టాలి.

ఇప్పుడు బ్రోషర్‌లో ఉండని భాగం. ప్రతి డేటాబేసుకీ కాన్ఫిగ్ ఫైల్లో ఒక పేరా రాయాలి. టైటిల్ ఒక వరస, మొదటి యూఆర్ఎల్ ఒక వరస, ఆ సైటు వాడే హోస్టులు, డొమైన్లు ఒక్కొక్కటీ ఒక వరస. అక్కడ లేని డొమైన్‌ని ప్రాక్సీ ముట్టుకోదు. కాబట్టి ఏదో ఒక సోమవారం ఇలా ఫోన్ వస్తుంది: 'సైటు తెరుచుకుంది, సెర్చ్ పనిచేసింది, అబ్‌స్ట్రాక్ట్ కూడా వచ్చింది, పీడీఎఫ్ నొక్కితే మాత్రం కొనమంటోంది.' వింటే లాగిన్ పోయిందేమో అనిపిస్తుంది. పీడీఎఫ్ నొక్కినప్పుడు అడ్రస్ బార్ చూడమనండి. మన ప్రాక్సీ పేరు మాయమై ఇంతకుముందు చూడని డొమైన్ ఏదో కనిపిస్తుంది. పబ్లిషర్ పీడీఎఫ్‌లని కొత్త సర్వర్‌కి మార్చాడన్నమాట, మనకి చెప్పలేదు. ఆ డొమైన్ ఒక వరస కలిపి ప్రాక్సీని రీస్టార్ట్ చేస్తే సరి. ఓసీఎల్‌సీ వాళ్ళు ఈ పేరాలు సిద్ధం చేసి పెడతారు కానీ మార్పు వాళ్ళకి తెలిసే లోపే మన ఫోన్ మోగుతుంది.

సర్వర్‌రూమ్

డాలస్ గారూ, సర్టిఫికెట్ (సైటు అసలైనదేనని బ్రౌజర్‌కి చూపించేది) మాట మర్చిపోకండి. ఈజీప్రాక్సీ ప్రతి సైటుకీ తన పేరు కింద ఒక సబ్‌డొమైన్ సృష్టిస్తుంది, చుక్కల చోట హైఫన్లు పెట్టి. కాబట్టి ఆ సబ్‌డొమైన్లన్నిటికీ పనికొచ్చే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ కావాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇస్తుంది కానీ వైల్డ్‌కార్డ్‌కి డీఎన్ఎస్‌లో (సైటు పేరుని ఐపీ అడ్రసుగా చెప్పే పట్టికలో) రికార్డు పెట్టి రుజువు చూపించాలి. 2026 మార్చి 15 నుంచి కొత్త సర్టిఫికెట్ ఏదైనా 200 రోజులకి మించి ఉండదు, 2029 మార్చికి 47 రోజులకి దిగిపోతుంది. అంటే చేత్తో పెట్టుకునే కాలం పోయింది, ఆటోమేట్ చేసుకోవాల్సిందే. మేడమ్ వాళ్ళ డీఎన్ఎస్ ఎవరి చేతిలో ఉంది? వెబ్‌సైట్ చేసిన కాంట్రాక్టర్ చేతిలో ఉంటే ముందు అది వెనక్కి తెచ్చుకోండి.

కొత్త బ్యాచ్

ఇంత తతంగం ఎందుకన్నా? కాలేజీ మొత్తానికి ఒకే యూజర్ నేమ్, ఒకే పాస్‌వర్డ్ పెట్టి క్లాస్ గ్రూపుల్లో వేసేస్తే అయిపోదా? మా సీనియర్లకి అలాగే ఉండేదంట.

మెడ్‌లిబ్

తమ్ముడూ, అయిపోతుంది, నిజంగానే అయిపోతుంది.

మా మెడికల్ కాలేజీలో జరిగింది చెప్తాను. ఒక రోజు పొద్దున్నే ఒక పబ్లిషర్ నుంచి మెయిల్: 'మీ ఐపీ నుంచి రాత్రి క్రమపద్ధతిలో మూకుమ్మడి డౌన్‌లోడ్ జరిగింది, యాక్సెస్ ఆపాం, విచారించి రాయండి.' ఆపింది ఒక్కడికి కాదు, మొత్తం ప్రాక్సీ అడ్రసుకి. బయటున్న పీజీలు, హౌస్ సర్జన్లు అందరూ ఆగిపోయారు. మెయిల్లో ఉన్నవి రెండే ఆధారాలు: మా ప్రాక్సీ ఐపీ, ఒక టైము. టైము కూడా జీఎంటీలో. ఐదున్నర గంటలు కలుపుకుని లాగ్ తెరిచాం. ఒక్కో వరసలో వచ్చినవాడి ఐపీ, యూజర్ ఐడీ, సమయం, అడిగిన పేజీ, ఎన్ని బైట్లు. ఆ సమయం దగ్గర ఒకే ఐడీ, సెకన్ల తేడాతో ఒకదాని తర్వాత ఒకటి, ఒక జర్నల్ పాత సంచికలన్నీ వరసగా. మనిషి చదివే వేగం కాదది, స్క్రిప్టు. సాఫ్ట్‌వేర్‌తో రిఫరెన్సులు అన్నీ ఒకేసారి దించుకుందామనుకున్నాడట. పిలిచి మాట్లాడాం, ఐడీ ఆపాం, పబ్లిషర్‌కి జవాబు రాశాం, సాయంత్రానికి తెరిచారు.

ఒకే పాస్‌వర్డ్ ఉండుంటే ఆ లాగ్‌లో ప్రతి వరసలో ఒకే పేరు ఉండేది. ఎవరిని పిలవాలి? పబ్లిషర్‌కి ఏం రాయాలి? ఇంకో మాట, ఈజీప్రాక్సీలో యూజర్ పేరు లాగ్‌లో పడాలంటే లాగ్‌యూజర్ అన్న ఆప్షన్ పెట్టాలి. యూసేజ్ లిమిట్ అని ఇంకోటి ఉంది, ఇన్ని నిమిషాల్లో ఇన్ని ఎంబీ దాటితే ఆ ఐడీ దానంతటదే ఆగుతుంది. రెండూ మొదటి రోజే పెట్టండి. లాగ్ ఎన్నాళ్ళు దాచాలో కూడా ముందే రాసి పెట్టుకోండి. ఎవరు ఏం చదివారన్నది ఊరికే పోగేసుకునే సరుకు కాదు.

కొత్త బ్యాచ్

ఓకే మేడమ్, అర్థమైంది 🙏

ఓరుగల్లు లైబ్రరీ

మెడ్‌లిబ్ మేడమ్ అసలు కీలకం పట్టుకున్నరు. వీపీఎన్ పెట్టుండ్రి, ప్రాక్సీ పెట్టుండ్రి, ఇన్‌ఫెడ్‌ల చేరుండ్రి, యాప్ కొనుండ్రి. ఆఖరికి అన్ని ఒక్కటే అడుగుతయి: ఈ మనిషి మీ మనిషేనా, ఇయ్యాల్టికి గూడ మీ మనిషేనా? దానికి జవాబు చెప్పే లిస్టు ఎక్కడున్నది? చాన కాలేజీలల్ల ఆఫీసుల ఒక ఎక్సెల్, ఎగ్జామ్ బ్రాంచిల ఒకటి, లైబ్రరీల ఒకటి. మూడిట్ల మూడు తీర్ల స్పెల్లింగు. పోయినేడు పాసైపోయిన పిల్లలు రిమోట్‌ల ఇంక బతికే ఉంటరు, కొత్తగ చేరినోళ్ళకు సంక్రాంతి దాక లాగిన్ రాదు.

మీ దగ్గర లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహా ఉంటె మీ అదృష్టం. కోహాల ప్రతి మెంబర్‌కు కేటగిరీ, ఎక్స్‌పైరీ తారీఖు ఉంటయి. కోహా సిప్2 (లైబ్రరీ సాఫ్ట్‌వేర్లు ఒకదానితోని ఒకటి మాట్లాడే భాష) మాట్లాడుతది, ఈజీప్రాక్సీ సిప్‌తోని యూజర్‌ను అడిగి తెలుసుకోగలదు. అంటె లైబ్రరీ కార్డు నంబరు, దాని పాస్‌వర్డే రిమోట్ లాగిన్. కార్డు గడువు అయిపోతె రిమోట్ గూడ ఆనాడే బందు. ఎవ్వరు గుర్తు పెట్టుకోవాల్సిన పని లేదు. నో-డ్యూస్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు కోహాల గడువు మారుస్తరు గద, ఆ ఒక్క పనితోని రెండు అయితయి.

లిస్టు సక్కగ లేకుండ సాఫ్ట్‌వేర్ కొంటె పైసలు దండుగ. ముందుగాల లిస్టు, తర్వాత లాగిన్, ఆఖరికి సాఫ్ట్‌వేర్.

కొల్లేటి కొంగ

కోహా ఉందండీ! కేటగిరీలు కూడా ఉన్నాయి, ఎక్స్‌పైరీ మాత్రం అందరికీ 2030 అని పెట్టేసి ఉంది, నాకంటే ముందున్నవాళ్ళ నాటి నుంచీ. రేపటి నుంచి బ్యాచ్‌ల వారీగా మార్చుకుంటూ వస్తాను.

ఇంకో ప్రశ్న. మా సొసైటీకే పక్క ఊళ్ళో పాలిటెక్నిక్, ఎంబీఏ కాలేజీ ఉన్నాయి. 'ఎలాగూ రిమోటే కదా, వాళ్ళకీ ఇచ్చేద్దాం' అని సెక్రటరీ గారు. పూర్వ విద్యార్థుల సంఘం వాళ్ళు కూడా అడుగుతున్నారు.

డాలస్ డెస్క్

ఇవ్వకండి. లైసెన్స్ తెరిచి 'ఆథరైజ్డ్ యూజర్స్', 'సైట్' అన్న రెండు నిర్వచనాలు చదవండి. మీరు కట్టిన రేటు ఒక కాలేజీ విద్యార్థుల సంఖ్యని బట్టి వేసింది. పక్క ఊరి కాలేజీ సొసైటీ లెక్కలో మీదే కావచ్చు, లైసెన్స్ లెక్కలో వేరే సైటు. పూర్వ విద్యార్థులు సాధారణంగా ఉండరు. బయటివాళ్ళు లైబ్రరీకి నడిచి వచ్చి అక్కడి కంప్యూటర్‌లో చూసుకోవడానికి చాలా లైసెన్సులు ఒప్పుకుంటాయి, రిమోట్ మాత్రం వాళ్ళకి ఉండదు. మీ వాళ్ళకైనా రిమోట్ ఇవ్వొచ్చని లైసెన్స్‌లో రాసి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే రెన్యువల్‌కి ముందే రాయించుకోండి. చెక్కు వెళ్ళాక మన మాట ఎవరూ వినరు.

ఐఈఈఈ లాంటి పెద్ద సైట్లలో షిబ్బొలెత్, అలాంటిదే అయిన ఓపెన్‌ఎథెన్స్ లాగిన్ ఉంది. చిన్న పబ్లిషర్లలో చాలామందికి ఇంకా ఐపీ ఒక్కటే తెలుసు. అందుకే మేం రెండూ నడుపుతాం. ఇంకో ఐదేళ్ళు కూడా నడుపుతామేమో.

వికీ వాడుకరి

చదువైపోయి ఏ కాలేజీకీ చెందని మాలాంటివాళ్ళ మాటేంటి అని ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెప్తాను. తెలుగు వికీపీడియాలో రాస్తుంటాను. వికీపీడియా లైబ్రరీ అని ఒకటుంది. ఖాతా తెరిచి ఆరు నెలలు దాటి, మొత్తం 500 మార్పులు, గత నెల రోజుల్లో 10 మార్పులు ఉండి, ఎక్కడా నిరోధంలో లేకపోతే చాలు. జేస్టోర్, ప్రోక్వెస్ట్ లాంటి జర్నల్ డేటాబేసులు ఇంటి నుంచే తెరుచుకుంటాయి. తెలుగు వికీలో చేసిన మార్పులు కూడా లెక్కకొస్తాయి, ఇంగ్లీషులోనే రాయాలని లేదు. తమాషా ఏమిటంటే దాని వెనక నడిచేది కూడా డాలస్ గారు చెప్పిన ఈజీప్రాక్సీయే. అక్కడ లైబ్రరీ కార్డు బదులు మనం రాసిన రాతే గుర్తింపు. కాకతీయుల శాసనాల మీద వ్యాసం విస్తరించడానికి కావలసిన పాత పత్రికా వ్యాసాలు నాకు అక్కడే దొరికాయి.

డాలస్ డెస్క్

మంచి మాట చెప్పారు. జేస్టోర్‌లో మామూలు ఉచిత ఖాతాతో కూడా 30 రోజులకి 100 వ్యాసాలు ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు, దించుకోవడానికి ఉండదు. ఇక్కడ టెక్సాస్‌లో ఉన్న మనవాళ్ళకి: ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డు ఉంటే టెక్స్‌షేర్ డేటాబేసులు ఇంటి నుంచే వస్తాయి. పిల్లల స్కూలు ప్రాజెక్టులకి కార్డు తీసుకుని అంతటితో ఊరుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు మన అపార్ట్‌మెంట్లలో.

రాత్రి చదువు

వికీ గారూ, ధన్యవాదాలు, 500 మార్పులు అంటే మా ఊరి పేజీ నుంచే మొదలుపెట్టాలి. నా వంతుగా ఇంకొకటి: క్యాంపస్‌కి వెళ్ళినప్పుడు మీ గూగుల్ ఖాతాతో గూగుల్ స్కాలర్ తెరిచి కొన్ని వ్యాసాలు వెతకండి. ఆ తర్వాత ఇంటి దగ్గర కూడా, ఈ ఏర్పాటులో ఉన్న పబ్లిషర్లు కొంతకాలం మిమ్మల్ని గుర్తుపడతారు. అన్ని సైట్లూ కాదు. కానీ ఉచితం, మీ లైబ్రరీ వాళ్ళ అనుమతి కోసం తిరగక్కర్లేదు.

కొల్లేటి కొంగ

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఎక్కడిదాకా వచ్చామో చెప్తాను.

వీపీఎన్ ఫ్యాకల్టీకి మాత్రమే, అది కూడా పరిశోధన చేస్తున్నవాళ్ళకి. పిల్లలకి ప్రాక్సీ. సర్వర్ మా దగ్గరే పెట్టాలా, వాళ్ళే హోస్ట్ చేసేది తీసుకోవాలా అన్నది కొటేషన్లు వచ్చాక చూస్తాం. నా మొగ్గు హోస్ట్ చేసేదాని వైపే, ఎందుకంటే మా సిస్టమ్స్ అబ్బాయి ఒక్కడే, వాడికీ పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు. యాప్ వెండర్‌ని రెండు ప్రశ్నలు అడిగాను: కోహాతో కలుస్తుందా, లాగ్ మా చేతికి ఇస్తారా అని. మొదటిదానికి అవునన్నాడు, రెండోది కనుక్కుని చెప్తానన్నాడు, ఇంకా కనుక్కుంటూనే ఉన్నాడు. ఇన్‌ఫెడ్‌లో మాలాంటి కాలేజీని చేర్చుకుంటారా అని గాంధీనగర్‌కి మెయిల్ పెట్టాం, జవాబు రావాలి. ఈ-బుక్స్ లైసెన్స్‌లో రిమోట్ మాట అసలు లేదు, రెన్యువల్‌కి ముందు రాయించమని ఉత్తరం వెళ్ళింది. సెక్రటరీ గారికి లైసెన్స్ పేజీలో ఆ రెండు పేరాలు హైలైటర్‌తో గీసి ఇచ్చాను, పక్క కాలేజీ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఒక చిన్న చిక్కు మిగిలింది. కొంతమంది పిల్లలు లైబ్రరీలోనే కూర్చుని 'తెరుచుకోవట్లేదు మేడమ్' అంటున్నారు. పక్కవాడికి వస్తుంది, వీడికి రాదు.

సర్వర్‌రూమ్

నూటికి తొంభై సార్లు ఫోన్ డేటా ఆన్‌లో ఉంటుంది మేడమ్. వైఫై సిగ్నల్ తగ్గగానే ఫోను దానంతటదే జియో మీదకో ఎయిర్‌టెల్ మీదకో దూకుతుంది, వాడికి తెలియదు. డేటా ఆపి చూడమనండి. అయినా రాకపోతే, వాడిది ఐఫోన్ అయితే, ఐక్లౌడ్ ప్రైవేట్ రిలే ఆన్‌లో ఉందేమో చూడండి. డబ్బులు కట్టే ఐక్లౌడ్ ప్లస్ ఉన్నవాళ్ళకి ఉంటుంది. 2021లో తెచ్చారు. సఫారీలో అది అసలు ఐపీని దాచేస్తుంది, కాబట్టి క్యాంపస్‌లో ఉన్నా పబ్లిషర్‌కి కాలేజీ అడ్రసు కనిపించదు. క్యాంపస్ నెట్‌వర్క్‌లో మాత్రం ఆపించుకోవచ్చు: డీఎన్ఎస్‌లో మాస్క్ డాట్ ఐక్లౌడ్ డాట్ కామ్, మాస్క్-హెచ్2 డాట్ ఐక్లౌడ్ డాట్ కామ్ ఈ రెండు పేర్లూ దొరకవని జవాబిస్తే చాలు, ఈ నెట్‌వర్క్‌లో రిలే ఆపుకోమనో, వేరే నెట్‌వర్క్ చూసుకోమనో ఫోనే వాడికి చెప్తుంది.

రాత్రి చదువు

మేడమ్, లాగిన్ లింకుని మాత్రం పీడీఎఫ్ మూడో పేజీలో పెట్టకండి, దండం పెడతాను.

కొల్లేటి కొంగ

పెట్టను. సర్క్యులేషన్ కౌంటర్ దగ్గర, క్యాంటీన్ నోటీసు బోర్డు మీద, లైబ్రరీ కార్డు వెనక క్యూఆర్ కోడ్ అచ్చు వేయిస్తున్నాం. దాని కింద రాత ఇది, ఏమైనా మార్చాలంటే చెప్పండి:

'ఇంటి దగ్గరున్నారా? ఇది స్కాన్ చేసి లైబ్రరీ కార్డు నంబరు, పాస్‌వర్డ్ కొట్టండి. లైబ్రరీలోనే ఉన్నారా? స్కాన్ అక్కర్లేదు, వైఫైలో ఉండండి, మొబైల్ డేటా ఆపండి. పాస్‌వర్డ్ స్నేహితుడికి ఇవ్వకండి. వాడు ఏం దించినా లాగ్‌లో పడేది మీ పేరే.'

ఓరుగల్లు లైబ్రరీ

బాగున్నది మేడమ్. 'పాస్‌వర్డ్ మర్చిపోతె ఎవర్ని అడగాలె' అన్నది గూడ ఒక వరస కలపుండ్రి, లేకుంటె అందరు మీ వాట్సాప్‌కే వస్తరు.